పతితనాయక విచారము

కడచిన వేసవిలో మా పరిశోధక విద్యార్థి యొకని యింటికి కళ్యాణదుర్గము పోయియుంటిమి. ఎండ మిక్కుటముగ నున్నందున మధ్యాహ్నమంతయు నడవలోనే గడపవలసి వచ్చెను. ఆ విద్యార్థియు, అతని తమ్ముడును చేతిఫోనున ఒక నేరకథను చూచుచు, అందలి నాయకుని నేర్పును పదేపదే మెచ్చుకొనుచుండిరి. ఆ నాయకుడు నరహంత. విత్తనమునకై సెనక్కాయలు ఒలుచుకొనుచున్న వారి అవ్వ కొంతసేపు తానును ఆ తెరవంక చూచి, "ఒరే అబ్బీ, సచ్చినోని పెండ్లాం ఏమాయరా? దాన్ని సూపియ్యలేదే?" అని అడిగెను. పిల్లలు నవ్విరి, మేమును నవ్వితిమి. అనంతపురమునకు తిరిగివచ్చు బస్సులో ఆ నవ్వు మాకే ముల్లువలె గ్రుచ్చుకొనెను. అలంకారశాస్త్రమును ఇన్నియేండ్లు బోధించిన మాకు ఆ ప్రశ్న తోపకపోయెను గదా యని సిగ్గుపడితిమి. ఈ వ్యాసము ఆ ప్రశ్నను శాస్త్రసమ్మతముగ విచారించు యత్నము.

ముందుగ పేరును నిర్ణయించుకొందము. పాశ్చాత్య విమర్శకులు ఆంటీహీరో యనెడి పాత్రను మనవారు కొందరు ప్రతినాయకుడనియు, కొందరు దుష్టనాయకుడనియు వ్యవహరించుచున్నారు. ఈ రెండును సరిపడవు. ప్రతినాయకుడు నాయకునకు ఎదురు నిలుచువాడు. కథ అతనిది కాదు. దుష్టనాయకుడన్నచో స్వభావముచేతనే దుష్టుడను భావము వచ్చును. ఇచ్చట మనకు కావలసినవాడు కథకు కేంద్రమై, ప్రేక్షకుని ప్రీతిని చూరగొనుచు, మన కన్నులయెదుటనే మెట్టు మెట్టుగ దిగజారువాడు. కావున మేము వానిని పతితనాయకుడని పిలుచుచున్నాము. అతని పతనమే కథావస్తువు. ఆ పతనమును మనము ఇష్టపడి చూచుటయే సమస్య.

పదవ శతాబ్దమునందు ధనంజయుడు దశరూపకమున నాయకులను ధీరోదాత్త, ధీరలలిత, ధీరశాంత, ధీరోద్ధతులని నాలుగు తెరగులుగ విభజించెను. లోభము, పాపము, వ్యసనము మున్నగునవి అతని మతమున ప్రతినాయకుని లక్షణములు. అనగా దుర్గుణములకు నాటకమున చోటు కలదు గాని, అవి నాయకుని పీఠముపై కూర్చుండరాదు. లక్షణకర్తల ఈ కట్టుబాటును లక్ష్యము ముందే దాటియుండెను. భాసుని పేర వెలసిన ఊరుభంగమున తొడలు విరిగి పడియున్న దుర్యోధనుడే కేంద్రము. అచ్చటికి తల్లిదండ్రులు వత్తురు, భార్యలు వత్తురు, దుర్జయుడను పసివాడు వచ్చి తండ్రి తొడపై ఎప్పటివలె కూర్చుండబోవును. కూర్చుండుటకు తొడ లేదు. కవి దుర్యోధనుని పాపమును కడిగివేయలేదు. ఆ పాపమునకు మూల్యము చెల్లించుచున్నవారిని మాత్రము రంగముపైకి రప్పించెను. ఈ రప్పించుట యను క్రియను పాఠకులు గుర్తుంచుకొన వేడుచున్నాము. మా వాదమంతయు దానిపైననే నిలిచియున్నది.

తెలుగు రంగస్థలమునకు పతితపాత్రలు క్రొత్త కావనుటకు ఈ సీమయే సాక్ష్యము. 1882లో బళ్ళారి జిల్లానుండి అనంతపురము వేరు జిల్లాయైనను, నాటకరంగమున ఆ రెండును చాలకాలము ఒక్కటిగనే నడచెను. ధర్మవరమున పుట్టి బళ్ళారిలో సరసవినోదినీ సభను నెలకొల్పిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) విషాదసారంగధరమును రచించి, తెలుగున విషాదాంత నాటకమునకు బాటవేసిరి. అందు చిత్రాంగి సవతికొడుకును కామించి, భంగపడి, అభాండమువేసి, అతని కాలుచేతులు నరికించును. ఆచార్యులవారి మేనల్లుడును, తాడిపత్రిలో జన్మించినవాడును అగు బళ్ళారి రాఘవ (1880–1946) హిరణ్యకశిపునిగ, పఠాన్ రుస్తుముగ, షైలాకుగ ప్రసిద్ధి పొందెను. ఇవన్నియు సజ్జనపాత్రలు కావు. దుష్టపాత్రయందును మానవహృదయమును చూపుటయే నటుని పరీక్షయని ఈ ప్రాంతపు ప్రేక్షకులు నూరేండ్ల క్రిందటనే ఎరుగుదురు.

అయినను హిరణ్యకశిపునితో ప్రేక్షకుడు చేయి కలుపడు. చేయి కలుపదగిన పతితుని తెలుగువారికి మొదట పరిచయము చేసినవాడు గురజాడ అప్పారావు. కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో అచ్చై, 1909లో ఇంచుమించు క్రొత్త నాటకముగ మరల వెలువడెను. అందు గిరీశము పూటకూళ్ళమ్మ సొమ్ము కాజేయును, మధురవాణిని వంచించును, సంస్కర్త వేషమున బుచ్చమ్మను లేవదీసుకొని పోవును, సౌజన్యారావు పంతులవంటి ధర్మాత్ముని కన్నులకే గంతలు కట్టజూచును. ఇన్ని చేసినను అతడు తెరవెనుకకు పోయినపుడెల్ల మనము అతని రాకకై ఎదురుచూతుము. దీనికి కారణము అతని వాక్కు. నవ్వించువానిని దండించుట ప్రేక్షకునకు కష్టము. గురజాడ ఈ బలహీనతను ఎరిగినవాడగుటచేతనే తీర్పును మన చేతికి విడువక మధురవాణి చేతికి ఇచ్చెను. కడపటి అంకమున ఆమె నిజము వెల్లడించుటచే గిరీశము ముసుగు తొలగును. అతడు పశ్చాత్తాపపడడు, ఎత్తు పారలేదని చిరాకుపడును, అంతియ. నాయకుడు మారకున్నను నాటకము ధర్మము తప్పకుండుటకు కారణము, మోసపోయిన స్త్రీ పలుకు రంగముపై వినబడుటయే.

ఇక దూరదర్శన ధారావాహికలను చూతము. అమెరికాదేశమున హెచ్‌బీఓ సంస్థ 1999 జనవరి 10న ప్రారంభించిన ది సొప్రానోస్ 2007 జూన్ వరకు 86 భాగములుగ నడచెను. డేవిడ్ చేజ్ సృష్టించిన టోనీ సొప్రానో న్యూజెర్సీలోని నేరముఠాకు పెద్ద. ఇంట తండ్రి, భర్త, కుమారుడు. అయిదవ భాగమున అతడు కూతురికి కళాశాలలు చూపుటకై ఆమెను వెంటబెట్టుకొని పోయి, దారిలో పాత ద్రోహి యొకడు కంటబడగా, కూతురికి తెలియకుండ వానిని గొంతు నులిమి చంపును. ఒక్క దినమున ఒక్కడే వాత్సల్యమూర్తియు, హంతకుడును అగుట ఈ జాతి రచనకు బీజము. మూడు గంటల చలనచిత్రమున ఇట్టివాడు మనకు అతిథి. 86 భాగములలో ఇంటివాడగును. ఇంటివాని తప్పులను మనము ఎట్లు సర్దుకొందుమో అట్లే ఇతని హత్యలను సర్దుకొనుట మరగుదుము. దైర్ఘ్యమనునది ఇచ్చట కేవలము పరిమాణము కాదు, ఒక రసోపకరణము.

ఆ కథయందు టోనీకి మనోవైద్యము చేయు మెల్ఫీ యను వైద్యురాలు కలదు. ఆమె అతని మాటలను ఏండ్లతరబడి వినును, జాలిపడును, భయపడును, ఆకర్షింపబడును. ఆమె సహృదయ ప్రేక్షకునికి ప్రతిబింబమని మా యభిప్రాయము. కథ ముగియుటకు ముందటి భాగమున, ఇట్టి సంభాషణచికిత్స నేరగానిని బాగుచేయకపోగా వాని నేర్పునకే తోడ్పడునని చదివి, ఆమె తలుపు మూయును. ప్రేక్షకునకు అది హెచ్చరిక. భార్యయగు కార్మెలాకు మూడవ సంవత్సరపు కథలో వేరొక వైద్యుడు భర్తను విడువుమని చెప్పి, నెత్తుటి సొమ్మని ఆమెనుండి రుసుము పుచ్చుకొనడు. ఆమె ఆ మాట విని, ఏడ్చి, ఇంటికే తిరిగిపోవును. ఇట్లు కథ తన పతితనాయకుని చుట్టును సాక్షులను నిలిపి, ఆ సాక్షులును ఎంతమేరకు కలుషితులగుదురో లెక్కగట్టెను.

విన్స్ గిలిగన్ సృష్టియైన బ్రేకింగ్ బ్యాడ్ (2008–2013, 62 భాగములు) మన వృత్తివారికి మరింత దగ్గర. దాని నాయకుడు వాల్టర్ వైట్ ఉన్నతపాఠశాలలో రసాయనశాస్త్రోపాధ్యాయుడు. కర్కటరోగము సోకెనని తెలిసి, కుటుంబమునకు ధనము కూర్చు నెపమున మత్తుపదార్థము వండనారంభించును. రెండవ సంవత్సరపు కథలో శిష్యుని ప్రేయసి నిద్రలో వాంతి గొంతుకడ్డుపడి ప్రాణము విడుచుచుండ, ప్రక్కనుండియు చేయి చాపడు. చంపుటకును, చావనిచ్చుటకును గల సన్నని గీత అచ్చట చెరగిపోవును. కుటుంబముకొరకే ఇదంతయు చేసితినని అరువది భాగములు చెప్పినవాడు, కడపటి భాగమున భార్యయెదుట అది తనకొరకే చేసితినని ఒప్పుకొనును. పతితనాయకుడు పలుకదగిన సత్యవాక్యము ఇంతకుమించి లేదు.

కాని ప్రేక్షకులేమి చేసిరి? భర్త నేరమును కనిపెట్టి అడ్డుపడిన భార్య స్కైలరును లోకులు ఎంతగ ద్వేషించిరన్నచో, ఆ పాత్ర ధరించిన అన్నా గన్ 2013లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఆ ద్వేషమునుగూర్చి స్వయముగ వ్యాసము వ్రాయవలసి వచ్చెను. హంతకునకు మెప్పు, అడ్డగించినదానికి తిట్టు! రచన సాక్షిని నిలిపినను, ప్రేక్షకుడు సాక్షిని వెడలగొట్టెను. కళ్యాణదుర్గపు నడవలో మేము నవ్విన నవ్వు ఈ కోవకే చేరునని ఒప్పుకొనక తప్పదు.

సొప్రానోస్ మొదలైన 1999 జనవరిలోనే తెలుగునాట బి. గోపాల్ దర్శకత్వమున సమరసింహారెడ్డి చలనచిత్రము విడుదలయ్యెను. 2001లో నరసింహనాయుడు, 2002లో ఇంద్ర, ఆది వెలువడెను. రెండు దేశములును ఒకే నెలలో కుటుంబమునకును హత్యకును గల సంబంధమును కథావస్తువుగ గ్రహించినను, పోయిన త్రోవలు వేరు. మన కక్షచిత్రముల నాయకుడు పదుల సంఖ్యలో నరికినను పతితుడు కాడు. సమరసింహారెడ్డి మారుపేరుతో దిక్కులేని కుటుంబమొకదానిని ఆదుకొనుచుండును. అతని కత్తి ధర్మము, ఎదిరి కత్తి అధర్మము. లక్షణము దృష్ట్యా ఇవి ధీరోదాత్త కథలే. నెత్తురు మాత్రము హెచ్చు. నాయకుని పతితునిగ చూపుట సమాజమునకు హానియని భయపడువారు ఈ విషయమును ఆలోచింపవలెను. హత్యచేసి హంతకుడగువానిని చూపు కథ యెక్కువ హానికరమా, హత్యలు చేసియు దేవుడగువానిని చూపు కథయా? మాకు రెండవదియే యెక్కువ హానికరముగ తోచుచున్నది.

ఈ మూసను పగులగొట్టినది 2010లో రాంగోపాల్‌వర్మ తెలుగు, హిందీ భాషలలో తీసిన రక్తచరిత్ర. మొదటి భాగము అక్టోబరులోను, రెండవది డిసెంబరులోను వెలువడెను. 2005 జనవరి 24న అనంతపురమున హత్యకు గురియైన పరిటాల రవీంద్ర జీవితము దీనికి ఆధారము. జరిగిన చరిత్రయందలి న్యాయాన్యాయములను విచారించుట మా పని కాదు, చిత్రనిర్మాణమునే పరిశీలింతము. మొదటి భాగమున ప్రతాపరవి తండ్రిని, అన్నను పోగొట్టుకొని పగతీర్చుకొనును. ప్రేక్షకుడు అతని కన్నులతో చూచును, అతనితోపాటు చేయి యెత్తును. రెండవ భాగమున దృష్టికోణము మారును. దూరదర్శన పెట్టెలో పెట్టిన బాంబుచే కుటుంబమును కోల్పోయిన సూర్య యిపుడు కేంద్రము. మొన్నటి నాయకుడు నేడు గురి. ఏ ప్రేక్షకుడు మొదటి భాగమున చప్పట్లు కొట్టెనో, వాని చేతులే రెండవ భాగమున వానికి బరువగును. ఒకే ప్రేక్షకునిచే ఇరుపక్షముల కత్తులను పట్టించుట సామాన్యమైన కల్పన కాదు. వినోదపు పెట్టెయే మారణాయుధమగుట దూరదర్శన కథలనుగూర్చి వ్రాయుచున్న మమ్ము కొంతసేపు కలము ఆపునట్లు చేసెను.

అయినను రక్తచరిత్రకు ఒక లోపమున్నది. అందు స్త్రీలు పగకు కారణముగనో, వాహకముగనో నిలుతురే గాని, పగను తూచు తక్కెడను చేతబట్టరు. వారి యేడుపు వినబడును, తీర్పు వినబడదు. 2018లో త్రివిక్రమ్ తీసిన అరవిందసమేత వీరరాఘవ ఈ కొరతను గుర్తించెను. అందు నాయకుడు పతితుడు కాడు. కాని తొలి మారణకాండ పిమ్మట నాయనమ్మ మాటకు కత్తి దించును, కడపట పగలో భర్తను పోగొట్టుకొన్న శత్రుపత్నికి అధికారము అప్పగించును. పతితనాయకుడున్న చోట సాక్షి లేదు, సాక్షి యున్న చోట పతితనాయకుడు లేడు. ఈ రెండును కలిసిన రచన ఈ సీమ కక్షలపై ఇంకను రావలసియున్నది.

పతితనాయకుని నేరుగ మన తెరకు దింపిన ప్రయత్నము 2023 మార్చిలో నెట్‌ఫ్లిక్సున వెలువడిన రానానాయుడు. అది అమెరికాదేశపు రే డోనవన్ (2013–2020) ధారావాహికకు అనుసరణము. హిందీలో నిర్మితమై తెలుగులోనికి అనువదింపబడెను. కుటుంబచిత్రముల నాయకుడని పేరుపొందిన వెంకటేష్ చెరనుండి వెడలిన దుశ్శీలుడగు తండ్రిగ నటించుట తెలుగు ప్రేక్షకులను నొప్పించెను. నొప్పికి కారణము బూతుమాటలేయని పలువురు తలచిరి. అది కొంతవరకు నిజమే గాని, మా దృష్టికి మూలకారణము వేరు. మన ప్రేక్షకుడు పాత్రను గాక నటుని ముప్పదియేండ్ల పుణ్యమును చూచుచున్నాడు. ఆ పుణ్యము చెడుట వానికి సొంత యింటి పరువు చెడుటవంటిది. నటుని యశస్సే నాయకత్వమైన చోట పతితనాయకుడు పుట్టుట కష్టము.

ఇచ్చట ఒక ఆక్షేపమును విచారింపవలెను. అనౌచిత్యముకంటె రసభంగమునకు వేరు కారణము లేదని ఆనందవర్ధనుని మతము. అధర్మపరునియందు ప్రవర్తించు రతి, ఉత్సాహాదులు రసాభాసములేయని తరువాతివారు వ్యాఖ్యానించిరి. అట్లయిన ఈ కథలన్నియు రసాభాసములేనా? అవునని చెప్పుటకు మేము జంకము. కాని ఆభాసమనునది లేకపోవుట కాదు. ముత్యపుచిప్పను చూచి వెండి యనుకొన్నవాడు ఆ క్షణమున వెండినే చూచుచున్నాడు. పిమ్మట భ్రాంతియని తెలిసికొనును. ఉత్తమమైన పతితనాయక కథ మొదట ఉత్సాహమును వీరరసముగ భ్రమింపజేసి, ఆ భ్రమను తానే తొలగించును. అధమమైనది భ్రమింపజేసి విడిచిపెట్టును. సాధారణీకరణమును ప్రతిపాదించిన భట్టనాయకుడు గాని, దానిని సంస్కరించిన అభినవగుప్తుడు గాని ప్రేక్షకుడు ఒక్క నాయకునితోనే తాదాత్మ్యము పొందవలెనని శాసింపలేదు. హతుని భార్యతోను పొందవచ్చును. అట్టి మార్గము రచనలో తెరచియుండవలెను, అంతియ.

దీనికి మన వాఙ్మయమున మహోదాహరణము కలదు. పదునెనిమిది దినములు కత్తులు మెరసిన పిమ్మట భారతము స్త్రీపర్వమునకు తెరతీయును. తిక్కన దానిని తెలుగుచేసెను. గాంధారి రణభూమిలో నడచుచు, ఏ శవము ఎవనిదో, దానిపై పడి యేడ్చునది ఎవరో ఒక్కొక్కరినే చూపును. కడకు శ్రీకృష్ణునే నిలదీసి శపించును. "సచ్చినోని పెండ్లాం ఏమాయ?" అను ప్రశ్నకు వ్యాసుడు ఒక పర్వమంత సమాధానము చెప్పెనన్నమాట. ఊళ్ళలో రాత్రి నాటకములు రాయబారముతోను, తొడలు విరుగుటతోను తెల్లవారిపోవును, స్త్రీపర్వమువరకు రావు. చదువురాని ఆ అవ్వ అడిగినది కథలో మిగిలిపోయిన పర్వమును. మేము నవ్వినది ఆ పర్వమును ఎరిగియుండియు.

కావున ఇట్టి రచనలను పరిశీలించు విద్యార్థులకు మూడు ప్రశ్నలను సూచించుచున్నాము. నాయకుని దుష్కృత్యమునకు మూల్యము చెల్లించినవారు తెరపై కనబడుచున్నారా? కనబడినచో, వారికి కన్నీరు గాక వాక్కు కూడ ఉన్నదా? ఉన్నచో, ఆ వాక్కు ప్రేక్షకుని ప్రీతిని ఒక్కింతైనను కదలించుచున్నదా? కన్యాశుల్కమును, సొప్రానోస్‌ను ఈ మూడింటికిని నిలుచు రచనలుగ మేము తలంచుచున్నాము. బ్రేకింగ్ బ్యాడ్ రచనగ నిలిచినను, దాని ప్రేక్షకులలో పలువురు మూడవ ప్రశ్నకడ ఓడిరి. రక్తచరిత్ర రెండవ ప్రశ్నకడ ఆగెను. కక్షచిత్రములలో అనేకము మొదటి ప్రశ్నకే నిలువవు.

న్యూజెర్సీ హంతకుడు మనకు కల్పనమాత్రము. ఈ జిల్లాలో మాత్రము కక్షలలో తండ్రిని కోల్పోయిన విద్యార్థులు మా తరగతులలో కూర్చుండిరి. వారి ప్రక్కనున్న బల్లపై కూర్చుండి వేరొకడు తెరపై కత్తిని మెచ్చుకొనుచుండును. ఇరువురకును ఒకే పాఠము చెప్పవలసినవారము మేము. పతితనాయకుని నిషేధింపుమని మేము కోరము. అతనిని చూడనేర్పుట మన విధి. కళ్యాణదుర్గమునకు మరల పోయినపుడు ఆ అవ్వకు స్త్రీపర్వమును చదివి వినిపింపవలెనని మా విద్యార్థి సంకల్పించుకొన్నాడు. మేమును వెంట పోదుము. పెద్దలు ఇందలి గుణదోషములను విచారించి మమ్ము సవరింతురు గాక.